మొక్కలు నాటిన రోజే చేపలు వదలకండి

అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. గాజు తొట్టి కొనండి, అడుగున తోట మట్టి పరిచి మొక్కలు నాటండి, ఆర్‌ఓ నీళ్లు పోసి ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టండి, ఆ సాయంత్రమే చేపలు వదలండి అంటుందది. ఫిల్టర్ వద్దట, నీళ్లు మార్చే పనే లేదట, మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా అక్కర్లేదట, అన్నీ మొక్కలే చూసుకుంటాయట. మురికి తినడానికి ఒక సక్కర్ చేప ఉంటే చాలట. హైదరాబాదులో మొదటిసారి మొక్కల అక్వేరియం పెట్టుకుంటున్న ఎన్నో కుటుంబాలు దీన్ని నమ్మి డబ్బు పెడుతున్నాయి. కొద్ది రోజులకే చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, ఆపైన ఒక్కొక్కటీ చచ్చి తేలతాయి. "మాకు చేపలు అచ్చిరావు" అని ఖాళీ తొట్టిని బాల్కనీలో పెట్టేస్తారు. వాళ్లకు అందిన సలహాలే తప్పు. అందుకే ఒక్కొక్కటిగా జవాబు చెబుతున్నాను.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మొదటి రోజే చేపలు వదలమనే మాట. చేప మొప్పల ద్వారా ఎప్పుడూ అమ్మోనియాను విడుస్తూనే ఉంటుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఈ అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం, మూడోది కొంత మోతాదు వరకు పరవాలేదు. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా దాదాపు ఉండవు. అవి కుదురుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 వారాలు పడుతుంది.

మరి మొక్కలు అమ్మోనియాను పీల్చుకోవా? పీల్చుకుంటాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఎప్పుడు? కుదురుకుని పెరగడం మొదలుపెట్టాక. దుకాణంలో దొరికే మొక్కల్లో చాలా వాటిని నర్సరీల్లో నీటి పైన, తేమగాలిలో పెంచుతారు. వాటిని నీట ముంచగానే పాత ఆకులు కరిగి రాలిపోతాయి, నీటికి తగిన కొత్త ఆకులు ఆ తర్వాతే వస్తాయి. క్రిప్టోకోరైన్ అయితే ఒక్కోసారి మొదలు దాకా కరిగి మళ్లీ చిగురిస్తుంది. అంటే తొలి వారాల్లో మొక్కలు అమ్మోనియాను తగ్గించే మాట అటుంచి, కుళ్లే ఆకులతో పెంచే అవకాశమే ఎక్కువ. అడుగున పరిచిన తోట మట్టి, వర్మీకంపోస్టు కూడా అప్పుడే అమ్మోనియాను విడుదల చేస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే చేపలు వదలమంటోంది సందేశం!

మన ఊళ్లో ఇది మరింత ముఖ్యం. అమ్మోనియా ఎంత విషమో నీటి పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలతను బట్టి ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులో విషపూరితమైన భాగం సుమారు పది రెట్లవుతుంది. వేడి పెరిగినా అంతే. బోరు నీళ్ల పీహెచ్ తరచు 7 దాటుతుంది, ఇక మన ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి మొక్కలు నాటి, ఫిల్టర్ వేసి, కనీసం నెల రోజులు చేపలు లేకుండా నడపండి. రోజూ చిటికెడు మేత వేస్తే బాక్టీరియాకు ఆహారం అందుతుంది. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, నైట్రేట్ కనిపించాకే నాలుగైదు చిన్న చేపలతో మొదలుపెట్టండి. పిల్లలు తొందర పెడతారు. కొత్త ఆకులు లెక్కపెట్టే పని వాళ్లకు అప్పగించండి.

"హైదరాబాదు నీళ్లలో చేపలు బతకవు, ఆర్‌ఓ నీళ్లే పోయాలి" అన్నది రెండో మాట. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లతో తొట్లు నడిపేవాళ్లు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. కుళాయి నీళ్లలో చూసుకోవలసింది క్లోరిన్ ఒక్కటే, అది సోడియం థయోసల్ఫేట్ చుక్కలతో పోతుంది. ఆర్‌ఓ యంత్రం కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్లను కూడా తీసేస్తుంది. మొదటి రెండూ మొక్కలకు, చేపలకు కావాలి. మూడోది లేకపోతే పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. పైగా ఇంటి ఆర్‌ఓ యంత్రం ఒక బకెట్ మంచి నీళ్లిచ్చేలోగా అంతకు మించి వృథాగా వదిలేస్తుంది.

గ్రానైట్ నేల కింది బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి, అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, నిజమే. వాలిస్నేరియా మొక్క, గప్పీ, మోలీ, ప్లాటీ చేపలు అలాంటి నీళ్లలో హాయిగా ఉంటాయి. మరీ కఠినమైతే కొంత ఆర్‌ఓ నీరు కలపండి, అంతేగాని పూర్తిగా అదే పోయకండి. చాలా అపార్ట్‌మెంట్ల సంపుల్లో మంజీరా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కలిసిపోతాయి, ఎండాకాలంలో వారానికో రకంగా వస్తాయి. నీళ్లు మార్చే ప్రతిసారీ నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూసుకుంటే ఆ తేడా తెలుస్తుంది. నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రం ఉన్న చోట మరో జాగ్రత్త: అది కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. వీలైతే సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టుకోండి.

కిటికీ ఎండ సంగతి క్లుప్తంగా చెబుతాను. పడమటి ఎండ మే నెలలో గాజు తొట్టిని మరగబెడుతుంది, వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, నాచు గాజంతా కమ్మేస్తుంది. తొట్టిని గోడ పక్కన పెట్టి, ఎల్‌ఈడీ దీపానికి టైమర్ తగిలించండి. మొదట రోజుకు 6 గంటల వెలుతురు చాలు.

ఇక ఫిల్టర్ లేకుండా, నీళ్లు మార్చకుండా అన్నది. అడుగున మట్టి, దట్టమైన మొక్కలు, అతి తక్కువ చేపలతో అలా నడిపే పద్ధతి ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చక్కగా నడుపుతున్నారు కూడా. కొత్తవాళ్లు మూడు మొక్కలు, పది చేపలు పెట్టి ఆ ఫలితం ఆశించకూడదు. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయని మరిచిపోకండి. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చవకే, బాక్టీరియాకు అదే నివాసం. దాన్ని కుళాయి కింద కాకుండా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. వారానికి అందులో పావు వంతు, అంటే ఒక బకెట్ నీళ్లు మారిస్తే చాలు.

సందేశంలో ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను: ఖరీదైన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అక్కర్లేదు. జావా ఫెర్న్, అనూబియాస్, హార్న్‌వర్ట్ అది లేకుండానే పెరుగుతాయి. మొదటి రెంటినీ మట్టిలో పూడ్చకుండా రాయికో చెక్కకో దారంతో కట్టండి, లేకపోతే వాటి దుంపకాండం కుళ్లుతుంది.

చివరిది సక్కర్ చేప. అది చేపల విసర్జనను తినదు, పైగా దాని విసర్జనే తొట్టికి పెద్ద భారం. దుకాణంలో వేలెడంత ఉన్నది అడుగు దాటి పెరుగుతుంది, మొక్కలను పెకలిస్తుంది. అప్పుడు చాలామంది దాన్ని దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. మన జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. వలలు చింపుతుంది, స్థానిక చేపల తిండికి, గుడ్లకు ఎసరు పెడుతుంది.

ఇప్పటికే ఆ సందేశం ప్రకారం తొట్టి పెట్టేసినవారు మేత బాగా తగ్గించండి, రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, స్పాంజ్ ఫిల్టర్ ఈ రోజే వేయండి. రాలిన ఆకులు ఎప్పటికప్పుడు తీసేయండి. సక్కర్ చేపను దుకాణానికే తిరిగి ఇచ్చేయండి. మిగిలిన మొక్కలను కూడా చెరువులో పారేయకుండా ఎండబెట్టి కుండీల్లో వేయండి.