బ్రిటనీకి వెళ్తున్నారా? హోటల్ తర్వాత, ముందు ఆటుపోట్ల పట్టిక తీయండి

మనవాళ్ల ఫ్రాన్స్ ట్రిప్ ప్లాన్లు చూస్తుంటే నాకు ఒళ్లు మండేది నాలుగో రోజు దగ్గరే. మూడు రోజులు పారిస్, నాలుగో రోజు తెల్లవారుజామున బస్సెక్కి సముద్రంలో కొండ మీదున్న మఠం మోన్ సాన్ మిషెల్, 'వీలైతే' తీరంలోని కోట పట్టణం సాన్ మాలో, రాత్రికి మళ్లీ పారిస్. రానూ పోనూ ఎనిమిది తొమ్మిది గంటలు బస్సులోనే సరి. మిగిలిన కాసేపట్లో కనిపించేది సముద్రమా బురదా అన్నది మీ చేతిలో ఉండదు. పైగా దీనికి 'బ్రిటనీ చూసొచ్చాం' అని పేరొకటి. బ్రిటనీ అంటే ఫ్రాన్స్ వాయవ్య మూలనున్న ప్రాంతం. మోన్ సాన్ మిషెల్ ఉన్నది పక్కనున్న నార్మండీ ప్రాంతంలోనండీ బాబూ, సరిహద్దుకి అవతల!

బ్రిటనీకి ప్లాన్ వేసేటప్పుడు రైలూ హోటలూ తర్వాతి సంగతి. ముందు తీయాల్సింది ఆటుపోట్ల పట్టిక. మనకిది తట్టకపోవడంలో వింతేం లేదు. విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా మహా అయితే మీటరున్నర. ఆర్కే బీచ్‌కి ఎప్పుడెళ్లినా సముద్రం అక్కడే ఉంటుంది. సాన్ మాలోలో పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా 12 మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడంత ఎత్తు.

ఫ్రెంచివాళ్లు ప్రతి పోటుకీ 20 నుంచి 120 దాకా ఒక అంకె ఇస్తారు. 70 మామూలు, 95 దాటితే పెద్దది, 45కి దిగితే చప్పగా ఉంటుంది. పంచాంగం చూసే అలవాటుంటే ఇంకా తేలిక: పౌర్ణమి, అమావాస్య వెళ్లాక పాడ్యమి, విదియల్లో పెద్ద పోట్లు, అష్టమి దాటాక చిన్నవి. సాన్ మాలోలో పెద్ద రోజుల్లో నీళ్లు నిండేది పొద్దున, సాయంత్రం. మధ్యాహ్నానికి బాగా వెనక్కి పోతాయి. చిన్న రోజుల్లో దీనికి తిరగేసి. ఇంకోటి, కొన్ని అచ్చు పట్టికల్లో ఏడాది పొడుగునా శీతాకాలపు టైమే ఉంటుంది. వేసవిలో దానికి గంట కలుపుకోవాలి. కలపడం మరిచిపోతే లెక్క గంట తప్పినట్టే.

టైము లెక్క తప్పితే దొరికిపోయేది గ్రాన్ బే మీద. సాన్ మాలో కోటగోడ బయటున్న చిన్న దీవి అది, రచయిత షతోబ్రియాన్ సమాధి ఉన్నది అక్కడే. ఆటులో నడిచి వెళ్లొచ్చు. కానీ నీళ్లు ఒకే వేగంతో పెరగవు. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరు గంటలు. మొత్తం తేడాని పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడూ నాలుగూ గంటల్లో మూడేసి పెరుగుతాయి. 12 మీటర్ల రోజున మూడో గంట ఒక్కదాంట్లోనే మూడు మీటర్లు లేస్తుందన్నమాట. 'ఇంకా పాదాలే కదా తడిసేది' అనుకుంటూ ఫొటోలు దిగుతుంటే దారి మునిగిపోతుంది. మునిగాక పిల్లల్ని భుజానేసుకుని దాటే సాహసం మాత్రం చేయొద్దు. మళ్లీ దారి తేలేదాకా దీవి మీదే కూర్చోవాలి, గంటల తరబడి, చలిగాలిలో. అందుకే నీళ్లు ఇంకా తగ్గుతుండగానే వెళ్లి, పెరగడం మొదలయ్యేలోపే వెనక్కి రావాలి.

పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి సాన్ మాలోకి నేరుగా టీజీవీ (హైస్పీడ్ రైలు) ఉంది, లేదంటే రెన్ నగరంలో మారాలి. కనీసం రెండు రాత్రులుండండి. ఒకే కోటగోడ మీద నుంచి పోటునీ ఆటునీ రెంటినీ చూడకపోతే అంతదూరం వెళ్లడమెందుకు? మోన్ సాన్ మిషెల్‌కైనా ఇదే లెక్క. చుట్టూ పూర్తిగా నీళ్లు చేరేది అంకె 110 చుట్టుపక్కలకి వెళ్లిన రోజుల్లోనే. కారు రెండున్నర కిలోమీటర్ల ఇవతలే ఆపాలి, అక్కణ్నుంచి షటిల్ బస్సు ఉచితం. గైడు లేకుండా ఆ ఇసుకలోకి దిగొద్దు, ఊబి ఉంటుంది.

దీవుల దగ్గరా ఇదే తంతు. బ్రెయా దీవికి లార్కుయెస్ట్ రేవు నుంచి పడవలో పది నిమిషాలే. అయితే పడవ ఎక్కడ ఆగాలో నీటి మట్టం చెబుతుంది. ఆటులో ఊరికి దూరంగా దింపుతారు, నాచు పట్టిన ర్యాంపు మీద నడక. తిరుగు పడవ మీరు దిగిన చోటికే వస్తుందన్న నమ్మకం లేదు, దిగేటప్పుడే అడగండి. దీవిలో కార్లుండవు కాబట్టి చక్రాల సూట్‌కేసు తీసుకెళ్తే మీ ఖర్మ. రోస్కాఫ్ నుంచి బాట్స్ దీవికి వెళ్లినా అంతే: ఆటులో పడవెక్కాలంటే సముద్రంలోకి వేసిన పొడవాటి కాలివంతెన చివరిదాకా నడవాలి. పడవ టైముకి పది నిమిషాల ముందొస్తే చాలదు.

బెల్లీల్ దీవిని మాత్రం ఒక్క రోజులో ముగించాలనుకోవద్దు. కీబెరాన్ రేవు నుంచి పడవలో 45 నిమిషాలు. దీవి పొడవు 17 కిలోమీటర్లే కదా అని మామూలు సైకిల్ తీసుకుంటే ప్రతి లోయలోకీ దిగి మళ్లీ ఎక్కాలి, సాయంత్రానికి మోకాళ్లు మొర పెట్టుకుంటాయి. ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోండి. 1886లో చిత్రకారుడు మోనే బొమ్మలు గీసిన పోర్ కొతోన్ రాళ్లు పడమటి ఒడ్డున ఉన్నాయి. వేసవిలో కీబెరాన్ రోడ్డు కార్లతో బిగుసుకుపోతుంది. ఓరే అనే ఊళ్లో కారాపి, వేసవిలో మాత్రమే నడిచే చిన్న రైలెక్కడం నయం. నన్నడిగితే ఒక ట్రిప్‌కి ఒక్క దీవి. మూడు దీవులంటే చూసేది మూడు టికెట్ కౌంటర్లే.

శాకాహారులకి బ్రిటనీ పారిస్ కంటే మేలు. బ్లే న్వార్ (బక్‌వీట్) పిండితో పోసే గలెట్ మన అట్టుకి దగ్గర చుట్టమే. 'కోంప్లెట్' అని ఉన్నదాంట్లో పంది మాంసం ఉంటుంది, 'సాన్ జాంబోన్' (పంది మాంసం లేకుండా) అనండి. పెనానికి పంది కొవ్వు రాసే పాత పద్ధతి అక్కడక్కడా ఉంది, పట్టింపున్నవాళ్లు వెన్నతో పోస్తారా అని ముందే అడగాలి. మధ్యాహ్నం రెండు దాటితే చాలాచోట్ల వంటిల్లు మూసేస్తారు.

మనవాళ్లెవరూ పట్టించుకోని ఊరొకటుంది, లోరియాన్. 1666లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఓడల కోసం వెలిసిన ఊరు. మచిలీపట్నంలో వర్తకం చేసిందీ, తర్వాత యానాంలో దిగిందీ ఫ్రెంచి కంపెనీవాళ్లే. లోరియాన్ నుంచి లోకల్ పడవలో పోర్ లూయీ కోటకి దాటితే కంపెనీ మ్యూజియం ఉంది. మన తీరం నుంచి ఓడలెక్కిన నూలు బట్టల కథ అక్కడ అద్దాల వెనక కనిపిస్తుంది. శీతాకాలంలో కొన్నాళ్లు మూసేస్తారు, తేదీలు చూసుకుని వెళ్లండి.