ఒక చొక్కా, నాలుగు స్టిక్కర్లు

పొద్దున ఆరున్నరకి, పాలవాడికంటే ముందే మా వీధిలోకి ఆటో వచ్చింది. పైన మైకు, వెనక ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద పట్టుచీర కట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ఒకమ్మాయి. "ఆషాఢం ధమాకా! ఫ్లాట్ యాభై శాతం ప్లస్ నలభై శాతం! నేడే ఆఖరు రోజు! త్వరపడండి!" ఈ ఆషాఢంలో ఇది పదకొండో ఆఖరు రోజు.

మా ఊరు పెద్ద ఊరేం కాదు. ఒక బస్టాండు, ఒక గడియార స్తంభం, మూడు సినిమా హాళ్ళు. వాటిలో రెండు కల్యాణ మండపాలైపోయాయి. గడియారం ఎప్పుడూ నాలుగుంపావే చూపిస్తుంది. అలాంటి ఊళ్ళో నాలుగంతస్తుల బట్టల షోరూం వెలిసింది. దానికి లిఫ్టు ఉంది. మొదటి ఆరునెలలు సగం ఊరు ఆ లిఫ్టు ఎక్కడానికే వెళ్ళింది. దిగేటప్పుడు ఒక జాకెట్ ముక్కయినా కొనకపోతే బాగుండదని కొనేవాళ్ళు.

ఆషాఢాన్ని మన పెద్దలు శూన్యమాసం అన్నారు. పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళిపోతుంది, అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తారింటి గుమ్మం తొక్కకూడదు. ఇలా ఎవరూ ఏమీ చేయకూడని నెలలో ఖాళీగా కూర్చున్న తెలుగువాణ్ణి చూసి బట్టల వ్యాపారికి జాలేసింది. ఆ జాలి పేరే ఆషాఢం సేల్. అసలు సంగతి మీకూ తెలిసిందే. ఎండాకాలంలో పోని కాటన్లు, పెళ్ళిళ్ళ సీజన్లో మిగిలిన పట్టు, ఎవరికి పెట్టినా తిరిగి మనకే వచ్చే పెట్టుబడి చీరలు, ఇవన్నీ దులుపుకుంటే తప్ప శ్రావణం సరుకు దింపడానికి ర్యాకుల్లో చోటుండదు. అవసరం వాళ్ళది. మరి ఆరున్నరకి నేనెందుకు లేవాలో అర్థం కాదు.

యాభై, నలభై కలిపితే తొంభై. మా పక్కింటి లెక్కల మాస్టారు ముప్ఫై ఆరేళ్ళు పిల్లల చెవులు మెలేసి శాతాలు నేర్పి రిటైరయ్యారు. ఆయనా గేటు దగ్గర నిలబడి "తొంభై శాతమటండీ" అన్నారు, చేతిలో రెండు సంచులతో. వెయ్యి రూపాయల వస్తువులో యాభై శాతం పోతే అయిదొందలు. ఆ అయిదొందల్లో నలభై శాతం పోతే మూడొందలు. అంటే మొత్తం తగ్గింది డెబ్భై శాతం. మిగతా ఇరవై ఆ ప్లస్ గుర్తులో ఇరుక్కుని చచ్చిపోయింది. పోనీ డెబ్భై మాత్రం తక్కువా అంటారేమో, ఆ నలభై పక్కన చీమ తలకాయంత నక్షత్రం ఉంది. జాతకంలో ఉన్న ఇరవై ఏడు నక్షత్రాలూ కలిసి చేయలేని కీడు ఈ ఒక్క నక్షత్రం చేస్తుంది. నలభై శాతం రావాలంటే బిల్లు 9,999 దాటాలి. దాటినా డబ్బు తగ్గదు, కూపన్ ఇస్తారు. ఆ కూపన్ వచ్చే నెల వాడుకోవాలి, అదీ మంగళవారాల్లో.

బట్టల షాపు జోకులన్నీ ఆడవాళ్ళ మీదే వేస్తారు మనవాళ్ళు. నేను ఆ తప్పు చేయను. మా ఆవిడ ఆషాఢం సేల్‌కి రాదు. కావలసింది కావలసినప్పుడు కొంటానంటుంది. ఇంత వెనకబడిన ఆలోచన నేనెక్కడా చూడలేదు. వెళ్ళింది నేనే. నాకు చొక్కాలు తొమ్మిదున్నాయి, అందులో రెండు కవర్లోంచి ఇంకా బయటికే రాలేదు. అయినా వెళ్ళాను. అవసరం ఉన్నవాడు ఏ నెలలోనైనా కొంటాడు కదా, ఆషాఢం సేల్ పెట్టిందే అవసరం లేనివాడి కోసం.

మూడో అంతస్తులో మగవాళ్ళ సెక్షన్. కవర్లో మడతపెట్టి ఉన్న నీలం గళ్ళ చొక్కా, కాలరు కింద అట్టముక్క, చేతులు వెనక్కి విరిచి గుండుసూదులు గుచ్చారు, పోలీసులు పట్టుకున్న దొంగలాగా ఉంది. కవరు మీద తెల్ల స్టిక్కరు: 1,299. సగం పోతే 650. బాగానే ఉంది. కానీ ఆ స్టిక్కరు కొంచెం ఉబ్బుగా తగిలింది. స్టిక్కరుకి మందం ఎందుకుంటుంది?

బొటనవేలి గోరుతో మూల లేపాను. జిగురింకా పచ్చిగానే ఉంది, ఇట్టే ఊడింది. కింద ఇంకో స్టిక్కరు: మామిడాకుల తోరణం బొమ్మ, 1,099. ఉగాది కాలం నాటిదని నిర్ధారించాను. దాని కింది పొర మొండిది, ముక్కలు ముక్కలుగా వచ్చింది. గాలిపటం తోక, 899. సంక్రాంతి యుగం. దాని కింద ప్రమిద, 745. దీపావళి నాగరికత. నాగార్జునకొండ దగ్గర 1954 నుంచి 1960 దాకా తవ్విన పండితులకైనా పొరలు ఇంత వరసగా దొరికి ఉంటాయా అని అనుమానం. వాళ్ళకి సాగర్ నీళ్ళు వచ్చేస్తాయన్న కంగారు, నాకు ఫ్లోర్ మేనేజర్ వచ్చేస్తాడన్న కంగారు. ప్రమిద కూడా ఊడాక బయటపడింది, చొక్కా కుట్టినవాడు కవరు మీదే అచ్చేసిన మూలవిరాట్టు: 595, అన్ని పన్నులతో కలిపి.

అంటే ఈ యాభై శాతం తగ్గింపులో నేను అసలు ధరకంటే యాభై అయిదు రూపాయలు ఎక్కువ ఇస్తున్నాను.

నా పక్కన ఎవరో ఊపిరి పీల్చినట్టు వినిపించింది. చూస్తే బట్టతలాయన ఒకరు నా చేతిలోకే చూస్తున్నారు. ఆయన ఏం మాట్లాడకుండా తన ప్యాంటు కవరు తీసి గీకడం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి ఇంకొకరు. ఒకాయన జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి "ఇది వాడండి, గోరు పాడవుద్ది" అని అందించాడు. ఒక పెద్దావిడ కొబ్బరినూనె రాస్తే చక్కగా ఊడుతుందని సలహా ఇచ్చింది. పది నిమిషాల్లో ఆ సెక్షనంతా గరగరా గోకుడు, బియ్యం బస్తాల గోడౌన్లో ఎలుకలు పడ్డట్టు. "నాకు మూడొచ్చాయి!" "నాకు అయిదు!" ఒకాయన బనియన్ పెట్టెకి ఒకే స్టిక్కరు ఉందట, తన కర్మ ఇంతేనని మొహం వేలాడేసుకున్నాడు. ఇంకొకాయనకి అట్టడుగు పొరలో వేరే ఊళ్ళో ఎప్పుడో మూతబడ్డ షాపు పేరు దొరికింది. "మా పెళ్ళి బట్టలు అక్కడే కొన్నామండీ" అంటూ కాసేపు ఆ స్టిక్కరు వదల్లేదు పాపం. ఎవరి పిల్లాడో, ఆరేళ్ళుంటాయి, ఊడిన స్టిక్కర్లన్నీ ఏరి ఒంటినిండా అంటించుకుంటున్నాడు. వాడి నుదుటి మీద 1,299. నాదే.

మధ్యలో ఒక్కమాట. కవర్లో ప్యాక్ చేసిన సరుకు మీద ధర మార్చే స్టిక్కరు వేయాలంటే, తగ్గించడానికి మాత్రమే వేయాలి, అదీ అసలు ధర కప్పేయకుండా. 2011 నాటి లీగల్ మెట్రాలజీ, అంటే తూనికలు కొలతల, నిబంధనల్లో ఈ ముక్క ఉంది. ఫిర్యాదుకి 1915 అనే నంబరు కూడా ఉంది. మీరు చేశారా అని నన్ను అడక్కండి. నా చేతినిండా జిగురు.

అప్పుడే పక్కనుంచి చిన్న గొంతు వినిపించింది. "సార్, గీకకండి సార్. మేనేజర్ గారు చూస్తే మమ్మల్ని అంటారు."

సేల్స్ అమ్మాయి. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. మేం చెల్లాచెదురు చేసిన చొక్కాలన్నీ ఏరి మడతపెడుతోంది.

"ఇవన్నీ ఎవరమ్మా అంటించింది?"

"మేమే సార్. రాత్రి షాపు కట్టేశాక కూర్చో..." అని నాలుక కరుచుకుని, "కట్టేశాక ఉండి అంటించాం సార్. పన్నెండున్నర అయింది. మళ్ళీ తొమ్మిదికి రావాలి."

కౌంటరు వెనక ఆమె చెప్పులు విడిచి ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని నిలబడింది. కాసేపటికి పాదాలు మార్చింది. చీలమండ వాచి, చెప్పు పట్టీ ఉండే చోట ఎర్రటి గాడి పడి ఉంది. చొక్కా మడతపెడుతూనే నడుం కొంచెం ర్యాకుకి ఆనించింది. నాలుగు సెకన్లు ఉంటుందేమో. పైనున్న స్పీకర్లో పాట ఆగిపోయి గొంతొకటి వచ్చింది: "థర్డ్ ఫ్లోర్, నాలుగో కౌంటర్. ఆనుకోవద్దు." మళ్ళీ పాట.

ఆనుకోవద్దట. దొంగతనాలు పట్టడానికని పెట్టిన కెమెరా వెనక కూర్చుని ఒకడు రోజంతా చూస్తున్నది ఇదన్నమాట! నాలుగు స్టిక్కర్లు వాడికి కనిపించలేదు. యాభైమంది గోళ్ళతో గీకడం కనిపించలేదు. ఒక పిల్ల నడుం ర్యాకుకి తగలడం మాత్రం కనిపించింది. కుర్చీల్లేక కాదు. మెట్ల పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు, పెళ్ళాల కోసం ఎదురుచూసే మగమహారాజుల కోసం. మేం కూర్చోవచ్చు, కాళ్ళు చాపుకోవచ్చు, గురక పెట్టొచ్చు, మధ్యలో లేపి కూల్ డ్రింకు కూడా ఇస్తారు. అద్దాల్లో నిలబెట్టిన బొమ్మకి సైతం పడిపోకుండా వీపు వెనక ఇనప కడ్డీ పెట్టారు. దానికి రక్తం లేదు, నరాలు లేవు, నెలసరి లేదు. ఆసరా దానికి!

కోళికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కావాలని ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు చేయాలంది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. ఎదుటి మనిషికి కాళ్ళు నొప్పి పుడతాయని యజమానికి చెప్పడానికి అసెంబ్లీ కూర్చోవాల్సి వచ్చింది, చూడండి. అరవై రూపాయల స్టూలు! ఆ నీలం గళ్ళ చొక్కా మీద స్టిక్కరు మార్చిన ప్రతిసారీ వీళ్ళు నూటయాభైకి తగ్గకుండా పెంచారు. ఒక్క చొక్కా, ఒక్క స్టిక్కరు, రెండు స్టూళ్ళు వస్తాయి. సిగ్గుండాలి కదా! మాకూ ఉండాలి. ఇన్నేళ్ళుగా ఆ ఎర్ర కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకున్నవాళ్ళమే కదా మేమంతా.

ఆమె మాత్రం మడతపెట్టడం ఆపలేదు. "తీసుకోండి సార్, బాగుంటుంది మీకు. ఇంకో రెండు పోతే నా టార్గెట్ అయిపోద్ది."

మూడు తీసుకున్నాను.

బిల్లు కౌంటర్లో మిషను కూయలేదు. "బార్‌కోడ్ పై స్టిక్కరు మీద ఉంటుంది సార్. అది లేకపోతే బిల్లవదు." అందువల్ల నేను మళ్ళీ మూడో అంతస్తుకి వెళ్ళి, ఆ పిల్లాడికి చాక్లెట్ కొనిస్తానని బతిమాలి, వాడి నుదుటి మీంచి 1,299 ఊడదీసుకుని, నా బొటనవేలితో నేనే 595 మీద నొక్కి అంటించాను. చెమటకి సరిగ్గా అంటలేదు. రెండుసార్లు గట్టిగా రుద్దాల్సి వచ్చింది.

తగ్గించిన ధర మీద జీఎస్టీ విడిగా వేశారు. ఎమ్మార్పీ అంటేనే పన్నులతో కలిపి కదా, తగ్గింపు తర్వాత దాని మీద మళ్ళీ పన్ను వసూలు చేయడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే చెప్పింది కదా అన్నాను. అవతలివాడు "సిస్టమ్‌లో అలాగే ఉంది సార్" అన్నాడు. ఈ దేశంలో సిస్టమ్ మాట తర్వాత అప్పీలు లేదు. సంచికి పన్నెండు రూపాయలు. బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని ఉంది. సరుకులో లోపం ఉంటే తీసుకోవాల్సిందే, గడువేమీ రాయకపోతే ముప్ఫై రోజులు టైముంటుందని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. కానీ నా చొక్కాలో లోపమేం లేదు. అది 595 చొక్కాగా చాలా మంచి చొక్కా.

వచ్చేటప్పుడు లిఫ్టులో మాస్టారు కలిశారు. రెండు సంచులూ నిండాయి. "ఎంత తగ్గిందండీ?" అన్నాను. ఆయన నా వంక చూడకుండా లిఫ్టు అంకెలే చూస్తూ, "లెక్క చూడాలి" అన్నారు.

శ్రావణం మొదలైన రోజు అటువైపు వెళ్ళాను. ఫ్లెక్సీ అదే, పళ్ళన్నీ కనిపించే ఆ అమ్మాయీ అదే, ధమాకా కూడా అదే. 'ఆషాఢం' ఉన్నచోట మాత్రం 'శ్రావణం' అని ఒక ముక్క అంటించారు. కొలత కుదరక ఎడమవైపు 'ఆ' బయటికే ఉండిపోయింది. రాత్రి అంటించినట్టున్నారు, నిచ్చెన ఇంకా తీయలేదు. పొద్దున తొమ్మిదయినా హాయిగా గోడకి ఆనుకునే ఉంది. దాన్నెవరూ ఏమీ అనడం లేదు.