చదువు రాని బడికి నవకల్పన తోరణాలు

ప్రాథమిక పాఠశాలల్లో నవకల్పన పేరిట సాగుతున్న తంతు హద్దులు దాటుతోంది. గ్రంథాలయ గదిలోని బీరువాలను వరండాలోకి జరిపి, గోడలకు రంగులు వేసి, రోబో కిట్లు, త్రీడీ ప్రింటరు అమర్చి, ‘ఆవిష్కరణల కేంద్రం’ అని బోర్డు తగిలించడమే ప్రగతికి కొలమానంగా చలామణీ అవుతోంది. కోడింగుకు కాలపట్టికలో చోటు కావాలన్నప్పుడల్లా కోతపడుతున్నది పిల్లల చేత బిగ్గరగా చదివించే పీరియడుకే. మూడో తరగతిలో ఎందరు పిల్లలు మునుపు చూడని పేరాను తడబడకుండా చదివి అర్థం చెప్పగలరని అడిగితే చూపించడానికి చాలా యాజమాన్యాల వద్ద ఒక్క కాగితమూ ఉండదు. కొన్న పరికరాల జాబితా మాత్రం సంతకాలతో సహా సిద్ధంగా ఉంటుంది. ఈ రెండు నాల్కల ధోరణి మీదే మా అభ్యంతరం.

పదేళ్లు వచ్చినా చిన్న కథను చదివి అర్థం చేసుకోలేని దుస్థితిని ప్రపంచ బ్యాంకు 2019లో ‘అభ్యసన పేదరికం’గా పేర్కొంది. అల్ప, మధ్యాదాయ దేశాల పిల్లల్లో 53 శాతం ఆ కోవలో ఉన్నారని అప్పట్లో లెక్కతేలింది. కొవిడ్ కాలంలో బడులు మూతపడిన తరువాత, 2022లో ఆ అంచనా 70 శాతానికి ఎగబాకింది. ఈ అంకెలు విద్యాధికారులెవరికీ కొత్త కావు. సదస్సులో తొలి ప్రసంగంలో వీటిని వల్లెవేసి, మలి ప్రసంగంలో ట్యాబుల పంపిణీని ప్రకటించడమే విడ్డూరం.

చేతులతో చేస్తూ నేర్చుకుంటేనే పిల్లల బుర్ర వికసిస్తుందన్న వాదన జాన్ డ్యూయీ 1896లో షికాగోలో ప్రయోగ పాఠశాల తెరిచిన నాటి నుంచీ వినిపిస్తున్నదే, దానిని ఎవరూ తోసిపుచ్చలేరు. కానీ మన కళ్లెదుట జరుగుతున్నది అదేనా? ప్రదర్శన రోజున అట్టముక్కలు, బ్యాటరీ, చిన్న మోటారుతో చేసిన నమూనా పక్కన నిలబడి తొమ్మిదేళ్ల పాప నాలుగు వాక్యాలు గడగడా అప్పజెబుతుంది. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టి ముందుకు సాగిపోతారు. వెనక చార్టు మీద పెద్దల దస్తూరీలో ఉన్న అవే వాక్యాల నడుమ ఒక మాటను వేలితో చూపి చదవమంటే, ఆ పాప మొదటి వాక్యం నుంచి మళ్లీ అప్పజెప్పుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగాలని చూస్తుంది. ఒత్తులు కలిసిన అక్షరం ఎదురైతే చూపు టీచరు ముఖం మీదికి మళ్లుతుంది. తప్పు ఆ పాపది కాదు. నమూనా చేసినదీ, వాక్యాలు రాసినదీ, ఫొటోలు తీయించుకున్నదీ పెద్దలే.

పరికరాలు ఇస్తే చదువు దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని పెరూ దేశం భారీ ఎత్తునే పరీక్షించింది. పిల్లలకు తలో ల్యాప్‌టాప్ అందించిన పథకంపై 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన అధ్యయనాన్ని ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ 2012లో వెలువరించింది. సాధారణ తార్కిక శక్తిలో కొంత మెరుగుదల కనిపించింది గానీ, గణితంలోనూ భాషలోనూ మార్కులు పెరిగిన ఆనవాలే దొరకలేదు. విద్యలో సాంకేతికత వల్ల ఒనగూరే అదనపు మేలుకు నిష్పాక్షిక ఆధారాలు కొద్దిగానే ఉన్నాయని యునెస్కో 2023 నివేదిక హెచ్చరించింది. అదే ఏడాది స్వీడన్ ప్రభుత్వం డిజిటల్ తెరల మోజు తగ్గించుకుని అచ్చు పుస్తకాలకు నిధులు కేటాయించింది. సంపన్న దేశాలు వద్దనుకుంటున్న దారిని ఇప్పుడు కొత్తగా పట్టడం ఏ రకం నవకల్పనో ఏలినవారే చెప్పాలి.

చదవడం ఎలా వస్తుందన్నది అంతుచిక్కని రహస్యమేమీ కాదు. మాటలోని ధ్వనులను విడదీసి గుర్తించడం, ధ్వనికీ అక్షరానికీ లంకె కుదరడం, ధారాళత, పదసంపద, అవగాహన అనే అయిదింటి మీద బోధన సాగాలని పఠన బోధనపై పరిశోధనలను సమీక్షించిన అమెరికా నిపుణుల బృందం నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లోనే స్పష్టం చేసింది. ఆ దేశంలో అప్పట్లో చదువులో అట్టడుగు వరుసలో ఉన్న మిసిసిపీ రాష్ట్రం 2013లో చట్టం చేసి, టీచర్లకు ఈ పద్ధతుల్లో శిక్షణ ఇచ్చి, వెనకబడిన బడులకు పఠన శిక్షకులను పంపింది. 2019 నాటికి అక్కడి నాలుగో తరగతి పిల్లలు పఠనంలో జాతీయ సగటును అందుకున్నారు. చదవలేనివారిని మూడో తరగతిలోనే ఆపేసే ఆ చట్టంలోని నిబంధనను మేము సమర్థించడం లేదు. టీచరు మీద పెట్టిన ఖర్చు వృథా పోలేదన్నదే ఇక్కడ గమనించాల్సినది.

అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడి ధ్యాసంతా వాటి మీదే ఖర్చయి, వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరచిపోతాడు. వాడు కిట్టుతో వచ్చిన సూచనల కాగితం చదవలేడు, ప్రయోగం ఎందుకు విఫలమైందో రాసుకోలేడు, పక్క బడిలో అదే పని ఇంకెలా చేశారో తెలుసుకోలేడు. వాడికి మిగిలేది చెప్పినట్టు తీగలు కలపడమే. అందుకు ఆవిష్కరణ అని పేరుపెట్టి, విద్యార్థి ఎదుగుదల కింద నివేదికల్లో చూపడం పచ్చి మోసం.

ఈ ద్వంద్వ నీతి బీరువా తాళం దగ్గర మరింత బట్టబయలవుతుంది. రోబో కిట్టు పాడైతే మరమ్మతుకు ఒప్పందం ఉంటుంది, కథల పుస్తకం చిరిగితే టీచరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అలాంటప్పుడు ఏ టీచరు తాళం తీస్తారు? స్టాకు రిజిస్టరులో భద్రంగా, పిల్లల చేతికి అందకుండా పుస్తకాలు పాతబడుతున్నాయి. చిరిగిన పుస్తకాలను వాడకం కింద రాసేసే అధికారం ప్రధానోపాధ్యాయులకు ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. అయినా ఆ ఉత్తర్వు ఇవ్వాలన్న ఆలోచనే రాదు, ఎందుకంటే దానికి ప్రారంభోత్సవం ఉండదు.

చదివించే పీరియడును ఏ కారణంతోనూ ముట్టుకోరాదని, ప్రతి తరగతిలో పఠన స్థాయిని ఏటా తల్లిదండ్రుల ముందు పెట్టాలని, ఆ పత్రం లేని బడికి నవకల్పన నిధులు విడుదల చేయరాదని విద్యాశాఖలు తక్షణం ఆదేశించాలి. రిబ్బను కత్తిరించడానికి విచ్చేసే పెద్దలు ఆ పూట ఒక పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి, తెలియని పేజీ ఒకటి తెరిచి చదవమనాలి. వాడు ఏం చదువుతాడో వినే ధైర్యం లేనివారు ఆ బడి వేదికనెక్కి ఆవిష్కరణల గురించి ఉపన్యాసాలు దంచడం ఇకనైనా మానుకోవాలి.