బేస్ గిటార్ తోడు వాయిద్యమేనా?

పాప్ పాటలో బేస్ గిటార్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) పని డ్రమ్స్ వెంట నడవడమేనని ఒక వ్యాసంలో రాశారు. నేనొప్పుకోను. అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో జేమ్స్ జేమర్సన్ బేస్ వినండి. కుడిచేతి చూపుడువేలొక్కటితోనే తీగలు మీటేవాడాయన! గాయకుడు ఊపిరి తీసుకునే సందులో నాలుగు స్వరాలు చకచకా పలికించి, మాట అందుకోగానే పక్కకు తప్పుకుంటాడు. పైన కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కలయిక) మారకపోయినా కింద బేస్ స్వరం మారితే చాలు, ఆ కార్డ్ రంగే వేరు. 1979లో అమెరికన్ డిస్కో బృందం షిక్ చేసిన 'గుడ్ టైమ్స్'లోంచి బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ తీసేస్తే ఇంక మిగిలేదేముంది? అమెరికన్ పాప్ గాయకుడు ప్రిన్స్ 1984లో 'వెన్ డవ్స్ క్రై'ని అసలు బేసే లేకుండా హిట్ చేశాడనుకోండి, అది వేరే సంగతి. ఫోన్ స్పీకర్‌లో ఇవేవీ తెలియవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒకసారి గాయకుణ్ణి వదిలేసి బేస్‌నే పట్టుకుని వినండి.