నేను తీసిన మీసాన్ని మళ్లీ పెట్టారు

ఈ రోజు ఉదయం పాల ప్యాకెట్ కోసం బయలుదేరిన వాణ్ని పాలు తీసుకుని నేరుగా ఇంటికి వచ్చి ఉంటే ఈ పోస్టు రాయవలసిన పని ఉండేది కాదు, నా బీపీ కూడా దాని మానాన అది ఉండేది. దేవరకొండ రోడ్డు వైపు కడుతున్న మా తమ్ముడి ఇంటి పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని అటు తిరిగాను. స్లాబుకు పెట్టిన సెంట్రింగ్ కర్రకు, మెడకు సుతిలి తాడు బిగించి, ఒక బొమ్మను వేలాడదీశారు. పక్కనే ఎండుమిరపకాయలు, నిమ్మకాయ, ఒక పాత చెప్పు ఉన్నాయి. దిష్టిబొమ్మ కట్టుకోవడం వారి ఇష్టం, ఆ విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే ఆ బొమ్మ కట్టుకున్న లంగా మా ఆవిడ పాత పుట్టపాక చీర అంచుతో కుట్టినది. ఆ బొమ్మ నాది.

నాది అంటే, జనవరిలో హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో 60 రూపాయలకు కొని, నెల రోజులకు పైగా బాగుచేసి, తమ్ముడి మనవరాలి ఐదో పుట్టినరోజుకు నేను నా చేతులతో ఇచ్చినది. కొన్ననాడు దాని పై పెదవి మీద ఎవరో చిన్న పిల్లవాడు బాల్‌పెన్నుతో గుబురు మీసం గీసి ఉన్నాడు. ఆ మీసాన్ని తీయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఈ రోజు ఉదయం నేను చూసే సరికి, దిష్టిబొమ్మకు కాస్త భయంకరంగా ఉండాలని కాబోలు, మేస్త్రీ దగ్గర ఉన్న నల్ల ఎనామిల్ రంగుతో సరిగ్గా అదే చోట మళ్లీ మీసం పెట్టి ఉన్నారు. పెట్టిన వారికి పది సెకన్లు కూడా పట్టి ఉండదు.

పదకొండు రోజులు ఎందుకు పట్టిందో తెలియని వారి కోసం చెబుతున్నాను, తెలిసిన వారు ఈ పేరా దాటి వెళ్లవచ్చు. బాల్‌పెన్ను సిరా బొమ్మ ముఖం మీద పైపైనే ఉండిపోదు, వినైల్ అనే మెత్తటి ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోతుంది. సబ్బుతో రుద్దినా, రబ్బరుతో తుడిచినా బుగ్గ అరుగుతుందే తప్ప గీత పోదు. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీమును మరక మీద మాత్రమే పలచగా పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఎండలో పెడితే ఆ రంగు కొద్దికొద్దిగా విరిగిపోతుంది. రోజూ కడగాలి, రోజూ మళ్లీ పూయాలి, పక్కకు అంటితే అక్కడ చర్మం రంగు కూడా వెలిసి తెల్లమచ్చ పడుతుంది కనుక గంటకొకసారి డాబా ఎక్కి చూసుకోవాలి. ఎండకు మన నల్లగొండలో ఎన్నడూ కరువు లేదు గాని, ఇబ్బంది అంతా మందుల దుకాణంలోనే వచ్చింది. రిటైరైన తెలుగు పండితుడు నెల తిరగకుండానే మూడు మొటిమల క్రీములు కొంటే ఆ కుర్రవాడు ఏమనుకోవాలి? మూడోసారి అతడు గొంతు తగ్గించి, "సార్, ఒకసారి స్కిన్ డాక్టర్‌కు చూపించుకోరాదు" అన్నాడు. బొమ్మకు అని చెబితే ఇంకా ఏ డాక్టరు పేరు చెబుతాడో అని చెప్పలేదు.

మీసం ఒక్కటే కాదు. దాని కుడి కన్ను మూసుకుపోయి ఉండేది. నిలబెడితే తెరిచి, పడుకోబెడితే మూసే ఆ కళ్ల వెనక ఒక చిన్న ఇనుప బరువు ఉంటుంది, అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మెడను కాసేపు వేడినీళ్లలో ఉంచితే వినైల్ మెత్తబడి తల ఊడి వస్తుంది, అప్పుడు లోపలి నుంచి ఇరుసు మీద సిరంజితో కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు వేసి, పత్తి పుల్లతో కదిలిస్తూ కూర్చోవాలి. కొబ్బరిపీచులా అట్టలు కట్టిన నైలాన్ జుట్టును కొసల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వడానికి మూడు రాత్రులు పట్టింది. పైనుంచి కిందికి దువ్వితే కుచ్చులకు కుచ్చులే ఊడి వస్తాయి. చేతులను లోపల పట్టి ఉంచే ఎలాస్టిక్ చివికిపోతే టైలరు దగ్గర గుండ్రటి ఎలాస్టిక్ తెచ్చి, సైకిల్ పుల్లను కొక్కెంలా వంచి లాగి బిగించాను. ఈ పనులన్నీ నాకు పుట్టుకతో రాలేదు. నేను మొదట కొన్న బొమ్మ ముఖం మీది రంగు తీయడానికి గోళ్లరంగు తుడిచే అసిటోన్ వాడితే, అది వినైల్ కాక గట్టి ప్లాస్టిక్ కావడంతో ఎడమ బుగ్గ బెల్లంపాకంలా కరిగి నా వేలికి అంటుకుంది. ఆ బొమ్మ ఇప్పటికీ నా అలమారలోనే ఉంది, దాన్ని కూడా నేను ఎవరి ఇంటి ముందూ ఉరి తీయలేదు.

సరే, అడగకుండా ఎలా ఉంటాను, మరదలిని అడిగాను. ఆమె ఏ మాత్రం తడుముకోకుండా, "ఎవరో ఆడి పడేసిన బొమ్మంట గదా బావా, పిల్ల రాత్రి దడుసుకుంటున్నది. ఇంట్లో ఉంచుడెందుకని ఇక్కడ కట్టిపిచ్చిన. నువ్వు ఇచ్చింది ఉత్తగ పోలే, దిష్టికి అక్కరకొచ్చింది" అన్నది. నేను సంతోషించాలన్నమాట!

పిల్ల దడుచుకున్నది బొమ్మను చూసి కాదు. పుట్టినరోజు నాటి నుంచి రెండు వారాలు ఆ పిల్ల దాన్ని పక్కలో వేసుకుని పడుకున్నది, పెద్దతాతా దీనికి పాలు తాగిస్తే కళ్లు మూస్తున్నది అని నాకు స్వయంగా ఫోన్‌లో చెప్పింది. అది పాత బొమ్మ అని, హైదరాబాద్ రోడ్ల మీద కొన్నదని, ఏ చచ్చిపోయిన పిల్లదో ఏమో అని ఇంట్లో పెద్దవాళ్లు పిల్ల ముందే మాట్లాడుకున్న తరువాత దడుపు మొదలైంది. ఆ బొమ్మను నేను సబ్బునీళ్లలో ఎన్నిసార్లు కడిగానో చెబితే మీరు నవ్వుతారు. గుడ్డ ఒళ్లు ఉన్న బొమ్మలనైతే పురుగు పుట్రా ఉండకుండా కవరులో చుట్టి నాలుగైదు రోజులు ఫ్రిజ్ పై అరలో పెడతాను. ఆ అలవాటు వల్ల ఒకసారి మా వియ్యపురాలు ఐసుముక్కల కోసం ఫ్రిజ్ తెరిచి వేసిన కేక మా వీధి అంతటికీ వినిపించింది. ఇంట్లో అంత గొడవ పడి శుభ్రం చేసి ఇస్తే, చివరికి వచ్చిన మాట ఎవరో ఆడి పడేసిన బొమ్మ అని!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ దిష్టిబొమ్మ కింద నిలబడి చూస్తే ఎదురుగా కనిపించేది ఆ ఇంటి ప్రధాన దర్వాజ. పాత టేకు దర్వాజ, ఎక్కడో ఒక పెద్ద భవంతిని కూలగొడుతుంటే బేరమాడి, ట్రాలీ ఆటోలో వేయించుకుని తెచ్చారు. ఈ రోజుల్లో అలాంటి చేవ ఉన్న కర్ర దొరకదని, దాని మీది చెక్కడం చూడన్నా అని మా తమ్ముడు ఆ దర్వాజను నిమిరి నిమిరి నాకు చూపించాడు. నూరేళ్లలో ఆ దర్వాజ గుండా ఎన్ని పాడెలు వెళ్లి ఉంటాయి? ఎందరు కోడళ్లు ఏడ్చుకుంటూ దాటి ఉంటారు? ఎవరూ అడగరు, ఎందుకంటే టేకు ధర అందరికీ తెలుసు. నిరుడు కొన్న కారు మూడు చేతులు మారినది. దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, యాదగిరిగుట్ట దాకా తీసుకుపోయి పూజ చేయించారు. కారుకు అంటని దోషం, దర్వాజకు అంటని మైల, అడుగున్నర పొడవున్న వినైల్ పిల్లకు అంటిందట.

దానికి అంటినది 60 రూపాయల దోషం అని నా అభిప్రాయం. అదే బొమ్మను నేను అద్దాల పెట్టెలో పెట్టి, వింటేజ్ అని చీటీ అంటించి, ఆరు వేలు అని చెప్పి ఇచ్చి ఉంటే ఈ రోజు హాలులో టీవీ పక్కన కూర్చునేది. ధర నిజం చెప్పడం నా తప్పు. ఎర్రగడ్డలో కొన్నానని చెప్పడం ఇంకా పెద్ద తప్పు. అక్కడికి ఎలా వెళ్తానో కూడా వీరికి తెలియదు. చీకటితోనే నల్లగొండలో బస్సు ఎక్కి, ఎల్.బి.నగర్‌లో దిగి మెట్రో పట్టుకుంటే మారవలసిన పని లేకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. ఎండ ముదరక ముందే చేరుకోవాలి. తార్పాలిన్ల మీద పాత బూట్లు, రిమోట్లు, చార్జర్ వైర్ల కుప్పలు, వాటి అడుగున ఎక్కడో ఒక చేయి, ఎక్కడో ఒక పాదం కనిపిస్తుంది. గురువారం జుమ్మేరాత్ బజారుకు కూడా వెళ్తాను. అక్కడే ఒకసారి తొండం విరిగిన కొండపల్లి అంబారీ ఏనుగు దొరికితే, ఆ బొమ్మలు చేసే పొనికి చెక్క పొట్టును చింతగింజల బంకలో కలిపి, పాత పనివాళ్లు అతికించే పద్ధతిలోనే తొండం నిలబెట్టాను. ఆ ఏనుగును చూసి మాత్రం మరదలు, "ఇది మంచిగుంది బావా, మాకియ్యరాదు" అన్నది. అది కూడా ఎవరో ఆడి పడేసినదే కదమ్మా.

పోర్చుగల్ దేశపు రాజధాని లిస్బన్‌లో 1830 నుంచి ఒక బొమ్మల ఆసుపత్రి నడుస్తున్నది. విరిగిన బొమ్మను తీసుకువెళ్తే రోగిని చేర్చుకున్నట్టే చేర్చుకుంటారు, అమ్మమ్మ ఆడుకున్న బొమ్మను మనవరాలి కోసం బాగుచేసి ఇస్తారు. అది ఎక్కడి మాటో మనకెందుకని మీరంటారేమో. బొమ్మల పెళ్లిళ్లు చేసి, పప్పన్నాలు పెట్టి, కొలువులో అత్తగారి నాటి బొమ్మకు ముందు వరుసలో చోటిచ్చి కూర్చోబెట్టిన జాతి మనది కనుకే నా కడుపు మండుతున్నది.

నిజం చెప్పాలంటే నా కోపం ఈ రోజుది కాదు, ఈ బొమ్మదీ కాదు. 1938లో మొదలైన నుమాయిష్‌కు, అంటే హైదరాబాద్‌లో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌కు, వెళ్లిరావడం మా నాయనకు ఏటేటా ఒక పండుగ. ఒక ఏడు నాంపల్లి నుంచి మా చెల్లెలికి ఆయన కళ్లు మూసే బొమ్మను తెచ్చాడు. మా ఊరిలో అటువంటిది అదే మొదటిది, చూడడానికి పక్క వాడ నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. చెల్లెలికి అప్పుడు పళ్లు దురదగా ఉండి దాని ఎడమ చెవిని కొరికి పెట్టింది. తరువాత ఎండాకాలంలో, పాత సామానుకు పాల ఐసు ఇచ్చేవాడు సైకిల్ మీద వస్తే, ఇంట్లో పగిలిన చెప్పులు దొరకక, మా తమ్ముడు ఆ బొమ్మను ఇచ్చి రెండు ఐసులు తీసుకున్నాడు. అవును, ఈ తమ్ముడే, ఈ దర్వాజ తమ్ముడే. ఒక ఐసు నాకు తెచ్చి ఇచ్చాడు, ఎక్కడిదని అడగకుండా నేను తిన్నాను. చెల్లెలు మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ బొమ్మ కోసమే నేను అంగళ్లు తిరుగుతున్నానని మా ఆవిడ అందరితో అంటుంది. అది అబద్ధం. అయితే ఏ బొమ్మ చేతికి వచ్చినా ముందుగా ఎడమ చెవి చూసే అలవాటు ఉన్న మాట నిజమే.

ఈ రోజు ఉదయం ఆ సంగతి గుర్తు చేస్తే మా తమ్ముడు పకపకా నవ్వి, "ఇంకా యాదికుందా అన్నా" అన్నాడు. యాదికి ఉండదా మరి!

అక్కడ నిలబడి ఇదంతా మాట్లాడుతున్నంతసేపూ గాలికి ఆ బొమ్మ ఊగుతూనే ఉంది. వెనక్కి వాలినప్పుడు కళ్లు మూస్తున్నది, నిటారుగా వచ్చినప్పుడు తెరుస్తున్నది. ఎండలో, దుమ్ములో, మెడకు తాడుతో ఇన్ని రోజులు వేలాడినా కుడి కన్ను ఎడమ కన్నుతో సరిసమానంగా కదులుతున్నది. అంత కోపంలోనూ నా పనితనానికి నాకు ముచ్చట వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

మేస్త్రీని నిచ్చెన అడిగి దింపించాను. లంగా మీద సిమెంటు చుక్కలు గట్టిపడ్డాయి, ఎనామిల్ మీసం సంగతి సాయంత్రం చూడాలి. ముఖం వినైలే కనుక అసిటోన్‌ను పత్తి పుల్లతో అద్ది అద్ది తీయవచ్చు గాని, పెదవి ఎరుపు కూడా దానితో పాటే పోతుంది, అది మళ్లీ దిద్దుకోవాలి. ఇంటికి దిష్టి తగలకూడదన్న వారి భయాన్ని కాదనడం ఎందుకని ప్రకాశం బజారుకు వెళ్లి, నాలుక బయట పెట్టిన కోరల రాక్షసుడి తలకాయ ఒకటి 150 రూపాయలు పెట్టి తెచ్చి, అదే కర్రకు నేనే దగ్గరుండి కట్టించాను. మరదలు కిందనే నిలబడి, తల పైకెత్తి, అటు ఇటు తిరిగి చూసి అడిగింది.

"ఇది కొత్తదే గదా బావా?"