ఒక్క పిక్‌కి లూకాను ఇచ్చేశారు

2025 ఫిబ్రవరి 1 అర్ధరాత్రి, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే డాలస్ మావరిక్స్ తమ జట్టుకి గుండెకాయ లాంటి లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకుంది. పిక్‌ల్లో వచ్చింది ఒక్కటే. పిక్ అంటే ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే వంతు. ఆ బేరం కుదిర్చిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను నవంబర్ 11న యాజమాన్యం తీసేసింది. ఆ వారం డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో, ఒక తెలుగు ఇంట్లో భోజనాలయ్యాక బావా బావమరుదుల మధ్య నడిచిన వాదన ఇది. ఇద్దరూ మావరిక్స్ అభిమానులే. శ్రీధర్ బావ, కిరణ్ బావమరిది.

కిరణ్: చివరికి తీసేశారు బావా. ఫిబ్రవరి నుంచి ఒకటే అరుపు, నికోను తీసేయమని. మన అరీనాలోనే కాదు, వేరే ఊళ్లలో ఆడుతున్నా అదే గోల. పైవాళ్ల చెవికెక్కడానికి ఇన్నాళ్లు పట్టింది.

శ్రీధర్: 11 ఆటలాడి 3 గెలిచాం. ఇలాంటప్పుడు ఎవరో ఒకరి మెడకి చుట్టుకోవాల్సిందే, ఆయన మెడకి చుట్టుకుంది. అంతమాత్రాన ట్రేడే తప్పని తేలిపోయినట్టు మాట్లాడకు. మనిషిని తీసెయ్యడం వేరు, ఆయన వేసిన లెక్క తప్పని నిరూపించడం వేరు.

కిరణ్: ఏం లెక్క అది? 25 ఏళ్ల కుర్రాణ్ణి ఇచ్చి, నెల తిరిగితే 32 నిండే మనిషిని తెచ్చుకోవడం లెక్కా? లూకా వరసగా 5 సీజన్లు ఆల్ ఎన్‌బీఏ మొదటి జట్టులో, అంటే లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఐదుగురిలో ఉన్నాడు. 2023-24లో లీగ్ మొత్తానికీ టాప్ స్కోరర్ వాడే, ఆటకి 33.9 పాయింట్లు. డిర్క్ నొవిట్స్కీ 2011లో కప్పు తెచ్చాక మనం మళ్లీ ఫైనల్స్ మొహం చూసింది 2024లో, అదీ వాడి వల్లే.

శ్రీధర్: ఫైనల్స్ నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తా. మూడో ఆట గుర్తుందా? మన అరీనాలోనే. 21 పాయింట్లు వెనకబడ్డవాళ్లం 3 పాయింట్ల తేడా దాకా వచ్చాం. ఇంకా 4 నిమిషాల పైనే ఆట ఉంది. అప్పుడు బోస్టన్ ఆటగాడు జేలెన్ బ్రౌన్ దూసుకొస్తుంటే లూకా అడ్డం పడబోయి ఆరో ఫౌల్ మూటగట్టుకున్నాడు. ఆరు పడితే ఆట నుంచి బయటికే, ఇక బెంచీ మీదే. సిరీస్ మొత్తం బోస్టన్ చేసిందదే, లూకా ఎవరికి కాపలా ఉంటే బంతి వాడికిచ్చి మీదకి తోలడం. 4-1తో పోయాం. డిఫెన్స్ ఉంటేనే కప్పు వస్తుందని హారిసన్ ఊరికే అనలేదు.

కిరణ్: అదే సిరీస్‌లో ఆటకి 29 పాయింట్లు వేసిందెవరు? ఛాతీ దెబ్బతో, మోకాలి నొప్పితో ఆడిందెవరు? వాడికి డిఫెన్స్ తక్కువ, ఒప్పుకుంటా. రిఫరీలతో గొడవ ఎక్కువ, అదీ ఒప్పుకుంటా. ఆ లోటు పూడ్చడానికేగా లైవ్లీనీ, గాఫర్డ్‌నీ, పీజే వాషింగ్టన్‌నీ చుట్టూ పెట్టింది? అది పనిచేసింది కూడా. పనిచేసిన ఏడాదిలోపే మధ్యలో ఉన్నవాణ్ణి పీకేశారు.

శ్రీధర్: ఆ చుట్టూ పెట్టినవాళ్లని తెచ్చిందీ హారిసనే కదరా. 2023 ఫిబ్రవరిలో కైరీ అర్వింగ్, ఆ జూన్ డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌తో లైవ్లీ, 2024 ఫిబ్రవరిలో గాఫర్డ్, వాషింగ్టన్. కైరీని తెచ్చినప్పుడు లోకమంతా నవ్వింది. ఏడాదిన్నర తిరిగేసరికి ఫైనల్స్‌లో ఉన్నాం. జట్టు కట్టడం రానివాడైతే ఇవన్నీ ఎలా చేశాడు?

కిరణ్: వాషింగ్టన్, గాఫర్డ్ విషయంలో నేనెప్పుడూ ఆయన్ని తప్పుపట్టలేదు. మరి మన గార్డ్ జేలెన్ బ్రన్సన్ సంగతేంటి? 2022 వేసవిలో న్యూయార్క్ నాలుగేళ్లకి 104 మిలియన్ డాలర్లిచ్చి ఎగరేసుకుపోయింది, మనకి దమ్మిడీ రాలేదు. అంతకుముందు అందులో సగం డబ్బుకి సంతకం పెట్టించుకునే వీలుంది, నాన్చారు. ఇప్పుడు న్యూయార్క్‌కి కెప్టెన్ వాడు. బ్రన్సన్ పోయాడు, లూకా పోయాడు, కైరీ మోకాలు పోయింది. బంతి పట్టుకుని కోర్టు దాటించేవాడు మిగల్లేదు బావా ఈ జట్టులో!

శ్రీధర్: కైరీ మోకాలికి ఎవరేం చేస్తారు? మార్చి 3న శాక్రమెంటో మీద ఆడుతూ ఏసీఎల్, అదే మోకాలి లిగమెంట్, తెగింది. అది దురదృష్టం.

కిరణ్: దెబ్బ తగలడం దురదృష్టం. ఆ దెబ్బకి జట్టు మొత్తం కుప్పకూలేలా కట్టుకోవడం మాత్రం ఆయన పనే. డేవిస్‌కి బుట్ట కింద ఉండే సెంటర్ ఆడటం ఇష్టం లేదని అందరికీ తెలుసు. వాడి పక్కన లైవ్లీ, గాఫర్డ్. పొడుగు మనుషులకి కొదవ లేదు, బంతి నడిపించే గార్డులే కరువు. మార్చిలో ఏమైందో చూశావుగా. జీతాల పరిమితికి అంగుళం దూరంలో జట్టుని కట్టేసరికి, సగం మంది గాయాలతో పడుంటే కనీస జీతానికి కూడా కొత్త మనిషిని తెచ్చుకోలేకపోయారు. ఆటకి 8 మందిని నిలబెట్టడానికే నానా తంటాలు. ఈ సీజన్ మొదట్లో 2025 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో వచ్చిన 18 ఏళ్ల కూపర్ ఫ్లాగ్ చేత, ఆట మొత్తాన్నీ నడిపించే పాయింట్ గార్డ్ ఆడించారు. ఫార్వర్డ్‌గా పెరిగిన పిల్లాడు, మొదటి ఆట నుంచే వాడి నెత్తిన ఆ బరువు.

శ్రీధర్: మంచిది, ఫ్లాగ్ దగ్గరికే వచ్చావు. లూకా ఉంటే ఫ్లాగ్ వచ్చేవాడా?

కిరణ్: అది లాటరీ! ప్లేఆఫ్స్ చేరని జట్లలో మొదటి పిక్ ఎవరిదో తేల్చే చీటీ. మనకున్నది నూటికి 1.8 వంతు అవకాశం. 39 గెలిచి 43 ఓడి, ప్లేఆఫ్స్ అర్హత కోసం ఆడే ప్లే ఇన్‌లో మెంఫిస్ చేతిలో ఓడితే తగిలిన లాటరీ. దాన్ని హారిసన్ ప్లాన్ కింద రాస్తావా?

శ్రీధర్: ప్లాన్ అనను. ఇప్పుడు చేతిలో ఉన్నదేంటో చూడమంటున్నా. నువ్వు అసలు ప్రశ్న వదిలేసి చుట్టూ తిరుగుతున్నావు. 2025 వేసవిలో లూకాకి ఐదేళ్లకి 345 మిలియన్ల సూపర్‌మ్యాక్స్, అంటే లీగ్‌లో అతి పెద్ద కాంట్రాక్టు, ఇవ్వాల్సి వచ్చేది. 2024 క్రిస్మస్ రోజు పిక్క పట్టేసి కూర్చున్నవాడు ట్రేడ్ నాటికి కోర్టెక్కలేదు, ఆ సీజన్లో మనకి ఆడింది 22 ఆటలు. ఒళ్లు తగ్గించుకోమని ఏళ్ల తరబడి చెప్పారు. అలాంటివాడికి ఏటా 69 మిలియన్లు రాసిచ్చే ముందు ఒక మేనేజర్ వెనకాడటం నేరమా?

కిరణ్: వెనకాడటం నేరం కాదు. మరి తెచ్చుకున్నది ఎవర్ని? ఒళ్లు బాగాలేదని లూకాను పంపి, పొత్తికడుపు కండరం పట్టేసి కూర్చున్న డేవిస్‌ను తెచ్చారు. ఫిబ్రవరి 8న హ్యూస్టన్ మీద మొదటి ఆట. ఎంత బాగా ఆడాడో నేనూ చూశాను. 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్టులు, 3 బ్లాకులు. అందరం ఊపిరి పీల్చుకునేలోపే మూడో క్వార్టర్లో గజ్జ పట్టుకుని లోపలికెళ్లాడు, మళ్లీ మార్చి నెలాఖరుకి కనిపించాడు. ఈ సీజన్లో అక్టోబర్ దాటకుండానే పిక్క పట్టేసింది. ఇక డబ్బంటావా, ఈ ఏడాది డేవిస్ జీతం 54 మిలియన్లు, లూకాది 46. ఆదా ఎక్కడ?

శ్రీధర్: ఈ ఒక్క ఏడాదే చూస్తే నీ మాట నిజమే.

కిరణ్: లూకా ఈ వేసవి ఎంత సన్నబడ్డాడో చూశావా? సీజన్ మొదటి రెండు ఆటల్లో 43, 49. మన దగ్గర కుదరని పని అక్కడ ఎలా కుదిరింది?

శ్రీధర్: అమ్మేశారు కాబట్టే సన్నబడ్డాడు. ఆ దెబ్బ తగలకపోతే మారేవాడు కాదని నా నమ్మకం. అసలు క్లబ్బన్నాక పెద్ద పేరున్నవాణ్ణి వదులుకోవాల్సిన రోజు వస్తుంది. 2021లో హైదరాబాద్ సన్‌రైజర్స్ డేవిడ్ వార్నర్‌ను ఏం చేసింది? 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్‌ను సీజన్ మధ్యలో దింపేసి, తర్వాత ఆడించడమే మానేసింది.

కిరణ్: మంచి ఉదాహరణ తెచ్చావు. ఆ నవంబర్‌లోనే టీ20 వరల్డ్ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ వార్నర్. సన్‌రైజర్స్ 2022లో ఎనిమిదో స్థానం, 2023లో ఆఖరి స్థానం.

శ్రీధర్: 2024లో ఫైనల్. అదీ చెప్పు.

కిరణ్: చెప్తా. కాకపోతే వాళ్లకి వేలం ఉంది, మళ్లీ కొత్తగా కొనుక్కున్నారు. మనకి ఆ దారి లేదు. నన్ను అన్నిటికంటే మండించేది అదే బావా. అమ్మాలనే అనుకున్నారు, సరే, నీ మాటే ఒప్పుకుందాం. ఎవరికి అమ్మారు? ఎన్ని క్లబ్బుల్ని అడిగారు? జనవరిలో డాలస్‌లోనే ఒక కాఫీ షాపులో లేకర్స్ మేనేజర్ రాబ్ పెలింకాతో కూర్చుని మొదలుపెట్టారు, ఆ ఒక్కడితోనే ముగించారు. లూకా దొరుకుతాడని మిగతా క్లబ్బుల్లో దాదాపు దేనికీ తెలియనే తెలియదు. 2024లో మికాల్ బ్రిడ్జెస్ కోసం న్యూయార్క్ 5 ఫస్ట్ రౌండ్ పిక్‌లిచ్చింది, ఒక్కసారి కూడా ఆల్ స్టార్ ఆడనివాడికి. 2022లో రూడీ గోబేర్ కోసం మిన్నెసోటా 4 ఇచ్చింది. 34 ఏళ్ల డ్యురాంట్ కోసం ఫీనిక్స్ 4 పిక్‌లూ, ఇద్దరు మంచి ఆటగాళ్లనీ ఇచ్చింది. లూకాకి మనకొచ్చింది డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029లో ఒక పిక్. ఒక్కటంటే ఒక్కటి!

శ్రీధర్: పదిమందికి చెప్తే బయటికి పొక్కుతుంది. పొక్కితే లూకా, వాడి మనుషులు అడ్డం తిరుగుతారు, ఊరంతా రోడ్డెక్కుతుంది, బేరం చెడిపోతుంది. అందుకే గుట్టుగా ఉంచాననే ఆయనా చెప్పుకున్నాడు.

కిరణ్: ఊరు రోడ్డెక్కుతుందని ముందే తెలుసన్నమాట. అలా తెలిసినప్పుడు ఒకసారి ఆగి ఆలోచించాలి కదా, దొంగచాటుగా చేస్తారా? హారిసన్ నైకీ కంపెనీలో పనిచేసిన రోజుల నుంచీ డేవిస్ ఆయనకి తెలిసినవాడు. కావలసింది అతనే అని ముందే మనసులో పెట్టుకుని వెళ్లారు. కొనేవాడికి నీకేం కావాలో తెలిసిపోయాక ఇంకెందుకు ఎక్కువిస్తాడు?

శ్రీధర్: అక్కడ నీకు నేను జవాబు చెప్పలేనురా. ఇంకో రెండు పిక్‌లు తేవాల్సింది. కానీ నువ్వూ ఒకటి గమనించు. సంతకం పెట్టింది హారిసనొక్కడే కాదు. 2023 డిసెంబర్‌లో మార్క్ క్యూబన్ పెద్ద వాటా అమ్మేశాక జట్టు డ్యుమాంట్, అడెల్సన్ కుటుంబాల చేతికి వెళ్లింది. పాట్రిక్ డ్యుమాంట్ సరేనంటేనే ట్రేడ్ జరిగింది. తిట్లన్నీ ఒకడికే పడ్డాయి.

కిరణ్: ఈ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. ఏప్రిల్ 9 రాత్రి నేను అరీనాలో ఉన్నా కదా. ప్రతి సీటు మీదా స్లొవేనియా భాషలో 'అన్నిటికీ థాంక్స్' అని రాసిన టీషర్ట్ పెట్టారు. పంపేసింది వాళ్లే, థాంక్స్ చెప్పేదీ వాళ్లే. పెద్ద తెర మీద వీడియో నడుస్తుంటే లూకా తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. నా వెనక వరసలో పదేళ్ల పిల్లాడు లూకా 77 నంబర్ జెర్సీ వేసుకుని, నాన్నా, మనవాడేనా ఇంకా అని అడుగుతున్నాడు. ఆయన ఏం చెప్పలేక వాడి భుజం మీద చెయ్యేశాడు. తర్వాత లూకా మన మీదే 45 పాయింట్లు వేసి గెలిచి వెళ్లాడు. టికెట్ కొని, జెర్సీ కొని, పిల్లల్ని పట్టుకెళ్లే మాకు వాళ్లు ఏం విలువిచ్చారు బావా?

శ్రీధర్: ఆ బాధ నాకు లేదనుకోకు. 2018 డ్రాఫ్ట్ రాత్రి అట్లాంటాకి ట్రే యంగ్‌ని, ఒక పిక్‌ని ఇచ్చి వాణ్ణి తెచ్చుకున్నప్పుడు మనిద్దరం ఈ సోఫాలోనే ఎగిరాం. కానీ జట్టు రేపు కూడా ఆడాలి. అందుకే అడుగుతున్నా, ఇప్పుడేం చెయ్యమంటావు?

కిరణ్: డేవిస్‌ను అమ్మెయ్యాలి. ఒంట్లో బాగైన మర్నాడే.

శ్రీధర్: తొందరపడకు. కైరీ తిరిగొస్తాడు. కైరీ, డేవిస్, లైవ్లీ, ఫ్లాగ్ నలుగురూ కలిసి ఒక్క ఆట కూడా ఆడలేదు. చూడకుండానే పగలగొడతావా?

కిరణ్: 2026 పిక్ తర్వాత 2030 దాకా మన చేతిలో మన పిక్ లేదు. మొదటి రెండింట్లో పడితే తప్ప 2027ది షార్లెట్‌కి, 2029ది కైరీ కోసం ఎప్పుడో ఇచ్చేశాం. 2028లో ఓక్లహోమా, 2030లో శాన్ ఆంటోనియో తమ పిక్ మనకిచ్చి మనది పట్టుకుపోవచ్చు. ఎక్కువ ఓడినవాడికి మంచి పిక్ వచ్చే అవకాశం ఎక్కువ, అలా ఓడి కూడా బాగుపడటానికి మనకున్నది ఈ ఒక్క ఏడాదే. ఫ్లాగ్‌కి 21 వచ్చేసరికి డేవిస్‌కి 34. ఇద్దరి వయసులూ కలవవు.

శ్రీధర్: ఓడిపోవడానికి ఆడమంటావా? ఆ పిల్లాడు మొదటి ఏడాదే ఓటమికి అలవాటు పడాలా? నేను ఒప్పుకోను. ట్రేడ్‌ల గడువు ముగిసే ఫిబ్రవరి దాకా చూడాలి.

కిరణ్: ఫిబ్రవరికల్లా అతను మళ్లీ బెంచీ ఎక్కితే కొనేవాడే ఉండడు. నువ్వు ఆగమను, నేను అమ్మమనే అంటా. కాకపోతే ఈసారి 29 క్లబ్బులకీ ఫోన్ చేసి అమ్మాలి.