ముందు బ్రేకు ముట్టుకోవద్దా?

ఈ వారంలో ఇది మూడోసారి. "బైకు నడిపేవాళ్లు తప్పక చదవాలి" అని మొదలయ్యే ఆ మెసేజ్‌ని పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. అందుకే చదివి ఊరుకోలేకపోతున్నాను.

అందులోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం. "బ్రేకు లీవరు మీద ఎప్పుడూ నాలుగు వేళ్లుండాలి." రెండు వేళ్లతో పూర్తి బలం అందితే రెండు చాలు, అందకపోతే నాలుగు. దీనికి ఇంతకంటే చర్చ అక్కర్లేదు.

"ఏదైనా అడ్డమొస్తే ముందు బ్రేకు ముట్టుకోవద్దు, పల్టీ కొడతారు. వెనకది తొక్కండి." ప్రాణాలు తీసే మాట ఇదే. బ్రేకు పడగానే బరువు ముందుకు ఒరిగి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు కిందికి దిగుతాయి. ముందు టైరు రోడ్డును కరుచుకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. ఆ తేలికైన చక్రాన్ని ఎంత తొక్కినా లాకై, అంటే తిరగడం మానేసి, జారుతుందే గానీ బండి ఆగదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా పట్టినవాడు దాదాపు 20 మీటర్లలో ఆగగలడు. వెనక బ్రేకునే నమ్ముకున్నవాడికి దాదాపు 40 కావాలి. అంటే మొదటివాడు పూర్తిగా ఆగిన చోట రెండోవాడు ఇంకా 42 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటాడు! ఎదురుగా ఉన్నది లారీ అయితే?

ఇది కొత్త సంగతేం కాదు. అమెరికా పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్‌లో దాదాపు 900 బైకు ప్రమాదాలను జరిగినచోటే పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. చాలామంది వెనక చక్రాన్ని జార్చేశారు, ముందు బ్రేకును చాలినంత పట్టలేదు. తప్పించుకోవడానికి వాళ్లకు సాధారణంగా దొరికింది రెండు సెకన్ల లోపే. ఆ రెండు సెకన్లలో ఆలోచించి బ్రేకు ఎంచుకునే తీరిక ఎవరికుంటుంది? చెయ్యి తనంతట తాను పని చేయాలి.

"ఢీకొట్టక తప్పదనుకుంటే బండిని పడేయండి." పడేశాక దాన్ని ఆపేదేమిటి? రబ్బరుకున్న పట్టు ఇనుముకు లేదు. బ్రేకులూ పోయి, హ్యాండిలూ పోయి, అదే లారీ కిందికి జారుకుంటూ వెళ్లమనా మీ సలహా?

"ఏబీఎస్ ఉంటే ప్రాక్టీసు అక్కర్లేదు." ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు. లీవరును గట్టిగా పట్టాల్సింది మాత్రం మీ చెయ్యే. భయపడి సగమే పట్టిన చేతికి అదేం సాయం చేస్తుంది?

ఒక్కటి ఒప్పుకుంటాను. హ్యాండిల్ తిప్పి మెల్లగా మలుపు తీసుకునేటప్పుడు, కంకర మీద, ముందు బ్రేకు నిజంగానే పడేస్తుంది. నేనూ అలా పడ్డాను. అక్కడ వెనక బ్రేకే మేలు. ఆ మెసేజ్ రాసినవాళ్లకూ ఇలాంటి దెబ్బే తగిలి ఉంటే, ఆ భయం నాకు అర్థమవుతుంది.

కానీ దానికి మందు ప్రాక్టీసే. శుభ్రంగా, పొడిగా ఉన్న ఖాళీ స్థలం చూసుకోండి. హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని 30 వేగంతో మొదలుపెట్టండి. బండి నిటారుగా, చూపు దూరంగా ఉండాలి. లీవరును గభాలున గుంజొద్దు. మొదట లీవరులోని వదులు తీసి, ఫోర్కులు దిగాక బిగిస్తూ పోండి. ఏబీఎస్ లేని బండిలో ముందు చక్రం జారినట్టనిపిస్తే వెంటనే వదిలి మళ్లీ పట్టండి. చేతికి అలవాటయ్యాకే వేగం పెంచండి. వెళ్లేటప్పుడు, మీకు ఆ మెసేజ్ పంపినవాళ్లనూ వెంట తీసుకెళ్లండి.